గ్యాస్ మాత్ర కూడా మెదడు దాకా పోతుంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో మెదడు రసాయనాల మీద వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగా వేశారు. డోపమైన్ ఆనందాన్ని ఇస్తుందని, సెరటోనిన్ ప్రశాంతతను ఇస్తుందని, సెల్‌ఫోన్ చూస్తూ కూర్చుంటే డోపమైన్ ఎగదన్నుతుందని రాశారు. తప్పని అనను. కానీ ఆదోనిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మా ఇంట్లో డోపమైన్ అంటే ఏమిటని అడిగితే నేను ఆనందం అని చెప్పను, జొన్నరొట్టె అని చెబుతాను. ఎందుకో కొంచెం వివరంగా రాయాలి. జాగా లేకపోతే మీకు తోచినంత కత్తిరించుకోండి, మందుల పేర్లు మాత్రం తీసేయొద్దు.

మా అమ్మకు డెబ్బై ఒకటి. పోయిన ఏడాది ఉగాదికి పది రోజుల ముందు, పొద్దున్నే మంచం దిగబోతూ "ఇల్లంతా తిరుగుతాంది నాయనా" అని మళ్ళీ వాలిపోయింది. చెవి డాక్టరుకు చూపించాం. లోపలి చెవిలో తేడా వచ్చిందని చెప్పి, సిన్నారిజిన్ అనే మాత్ర పదిహేను రోజులకు రాశారు. ఆయన రాసింది సరిగ్గానే రాశారు. "15 రోజులు" అని వేసి కింద గీత కూడా గీశారు. వారానికల్లా తల తిరుగుడు తగ్గింది.

తర్వాత జరిగినదంతా నా పనే. మాత్ర ఆపితే మళ్ళీ తిరుగుతుందేమోనని అమ్మకు భయం. నాకేమో చెయ్యి చాపితే అందే అల్మారా. ఒక షీటు అయిపోగానే ఇంకో షీటు జేబులో వేసుకుని ఇంటికి పోయేవాణ్ణి. బయటివాళ్ళయితే కనీసం చీటీ చూపించమంటాను. కన్నతల్లిని చీటీ ఏదమ్మా అని ఎవరడుగుతారు? అట్లా దాదాపు ఆరు నెలలు ఇచ్చాను.

వినాయక చవితికి ఉండ్రాళ్ళు చుడుతుంటే పిండి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు. తర్వాత రొట్టె దగ్గర తెలిసింది. అమ్మ జొన్నరొట్టె తడుతుంటే తప్ తప్ అని ఒకటే వరస ఉంటుంది, పిండి దానంతటదే పీట మీద గుండ్రంగా తిరుగుతుంది. పక్కగదిలో కూర్చుని విన్నా ఇది ఎన్నో రొట్టె అని చెప్పేయొచ్చు. ఆ చప్పుడు మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. అంచులు చీలిన రొట్టెలు కంచంలోకి వచ్చేవి. "చెయ్యి నా మాట ఇంటాలేదురా" అనేది. నడిస్తే అడుగు తీసి అడుగు వేయడానికి కాళ్ళకు తాడు కట్టినట్టు ఉండేది. గడప దగ్గరకు వచ్చి నిలబడిపోయేది. మా చిన్నది ఏదో జోకు చెప్పి పడీపడీ నవ్వుతుంటే అమ్మ ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు. తర్వాత "నాకూ నవ్వొచ్చిందే, ముఖానికే రాలేదు" అంది. మేం దీన్నంతా వయసు ఖాతాలో వేశాం.

దసరా ముందు ఊళ్ళోనే ఒక డాక్టరుకు చూపిస్తే వణుకు రోగం, అంటే పార్కిన్సన్స్ అన్నారు. ట్రైహెక్సీఫెనిడిల్ రాశారు. ఇంతకుముందు ఏం వాడుతున్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వణుకు కాస్త తగ్గింది. నాలుగో రోజు నుంచి నోరు ఎండుకుపోతోందని చెంబులు చెంబులు నీళ్ళు తాగింది. ఆరో రోజు రాత్రి లేచి కూర్చుని, మంచం చివర మా నాయన కూర్చున్నాడని, కాఫీ పెట్టమని మా ఆవిడను లేపింది. మా నాయన పోయి పదకొండేళ్ళు.

మర్నాడే కారు మాట్లాడుకుని ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు పోయాం. నరాల డాక్టరమ్మ అమ్మ బొటనవేలు, చూపుడువేలు పదేపదే తట్టించింది. మోచెయ్యి వంచి చాపి చూసింది. రెండు చేతులూ ఒకే తీరుగా బిగుసుకున్నాయని తనలో తాను అనుకున్నట్టు అంది. మామూలు పార్కిన్సన్స్ చాలామందిలో ఒక పక్క మొదలవుతుందట. తర్వాత "వాడే మాత్రలన్నీ తెచ్చారా?" అంది. సంచి బల్ల మీద బోర్లించాను. బీపీ, థైరాయిడ్ మాత్రలను పక్కకు జరిపి సిన్నారిజిన్ షీటు చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎవరిస్తున్నారు?"

"నేనే మేడమ్."

"మీరేం చేస్తారు?"

చెప్పాను. ఒక్కసారి నా వైపు చూసి మళ్ళీ అమ్మ వైపు తిరిగింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంట్లో అమ్మ చేతిరాత ఉన్న కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. గోడ క్యాలెండరులో పాల లెక్క అమ్మే రాస్తుంది. ఇంటికి ఫోన్ చేసి పేజీలు ఫోటో తీసి పంపమన్నాను. ఉగాది నెలలో "లీటరున్నర" అనే మాట గడి నిండా ఉంది. శ్రావణంలో సగమైంది. ఆశ్వయుజానికి చీమల బారు. ఆరు నెలల పైగా ఆ క్యాలెండరు నా కళ్ళముందే వేలాడింది. పాలవాడికి డబ్బులు లెక్కగట్టింది కూడా నేనే.

ఇప్పుడు అసలు సంగతి. డిప్లొమాలో మేం చదువుకున్నదే, కానీ పరీక్షకు చదివింది షట్టర్ ఎత్తాక ఎవరికి గుర్తుంటుంది? మెదడులో ఒక నరకణం ఇంకో నరకణాన్ని చాలా చోట్ల తాకదు. మధ్యలో సందు ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని కొన్ని వేల ముక్కలు చేస్తే ఒక ముక్కంత సందు. కబురు ఇవతలి గట్టు నుంచి రసాయనంగా దూకి అవతలి గట్టున ఉన్న సీట్లలో కూర్చుంటుంది. పుస్తకంలో గ్రాహకాలు అంటారు, నాకు సీట్లే నయం. ఇది రసాయనమే అని మొదట తేల్చింది ఓటో లోవీ అనే శాస్త్రవేత్త, 1921లో, కప్ప గుండెలతో. ఒక గుండెకు వచ్చే నరాన్ని కదిలిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి ఇంకో గుండె మీద పోస్తే, ఏ నరమూ కదిలించకుండానే అదీ నెమ్మదించింది. ఆ నీటిలో ఉన్నది అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

మందులు చేసే పనంతా ఈ సీట్ల దగ్గరే, లేదా వాటి చుట్టుపక్కలే. ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు వచ్చిందంటే కిటికీలోంచి తువ్వాలు పడుతుంది. సీటు ఖాళీగానే ఉంటుంది, ఎవరూ కూర్చోవడానికి లేదు. సిన్నారిజిన్ చేసేది అదే. అది లోపలి చెవి అలజడిని తగ్గిస్తుంది, నిజమే. దాంతోపాటు డోపమైన్ కూర్చోవాల్సిన సీట్ల మీద తువ్వాలు కూడా వేస్తుంది. మనం చెయ్యి ఎత్తాలన్నా, అడుగు వేయాలన్నా, అక్షరం గుండ్రంగా తిప్పాలన్నా మెదడు లోతుల్లో డోపమైన్ వెళ్ళి కూర్చోవాలి. అమ్మ మెదడులో డోపమైన్ తయారవుతూనే ఉంది. సీటు దొరకలేదు, అంతే.

ఇదే రంగంలో ఇంకో ముచ్చట ఉంది. మన సర్పగంధ వేరును పిచ్చికి, రక్తపోటుకు వాడొచ్చని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. దాన్నుంచి తర్వాత రిసర్పిన్ అనే మందు తీశారు. 1950లలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్ళకు ఇస్తే అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. రిసర్పిన్ నరాల గోదాములను ఖాళీ చేసేస్తుంది. డోపమైన్‌కు ముడిసరుకైన ఎల్-డోపా ఎక్కించగానే అవి లేచి తిరిగాయి. పార్కిన్సన్స్‌కు ఈరోజుకీ మొదటి మందు ఆ ఎల్-డోపానే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. కుందేళ్ళకు సరుకు అయిపోయింది, మా అమ్మకు సరుకు ఉండి సీటు లేదు. చూసేవాళ్ళకు రెండూ ఒకటే వణుకు, ఒకటే నడక. అందుకే డాక్టరు అడగాలి, మనం చెప్పాలి.

మరి రెండో మాత్ర సంగతి. డోపమైన్ తగ్గితే అసిటైల్‌కోలిన్ పైచెయ్యి అవుతుంది. దాని సీట్ల మీద కూడా తువ్వాలు వేస్తే త్రాసు సమానమవుతుందని ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తారు. కుర్రవాళ్ళు తట్టుకుంటారేమో. పెద్దవాళ్ళకు జ్ఞాపకం నిలబడడానికి, నోట్లో తడి ఊరడానికి కూడా ఆ అసిటైల్‌కోలినే కావాలి. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్ళు లేనివాళ్ళతో మాట్లాడతారని ఊళ్ళలో చెప్పుకుంటారు కదా, అది ఈ వర్గమే. మా నాయన మంచం చివరికి వచ్చింది ఆ దారిలోనే.

మాది పత్తి ప్రాంతం కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ఇరవై ఏళ్ళ వయసులో వేరే షాపులో పనిచేసేటప్పుడు, పిచికారీల కాలంలో రాత్రిళ్ళు నర్సింగ్‌హోమ్ నుంచి మనిషి పరిగెత్తుకు వచ్చేవాడు, "అట్రోపిన్ ఎన్ని ఉంటే అన్ని ఇయ్యి" అని. గాలికి ఎదురు నిలబడి మందు కొట్టినవాడు, నోట్లో నురుగు, కళ్ళల్లో పాప సూదిమొనంత, ఒళ్ళంతా చెమట. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చే ఎంజైమును చంపేస్తాయి. సీజనులో హమాలీలు లేని మార్కెట్ యార్డు ఊహించుకోండి, బోరాల మీద బోరాలు పడుతుంటాయి, ఎత్తేవాడుండడు. అట్రోపిన్ ఆ సీట్ల మీద తువ్వాలు వేస్తుంది. ఒక్కో మనిషికి పదుల ఆంప్యూళ్ళు పట్టేవి. అంటే మా అమ్మను మతి తప్పించిన పనే, అక్కడ ఆ రైతును బతికించింది. మందుకు మంచీ చెడూ ఉండవు, ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నదే ఉంటుంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకంటే అనర్హుడు లేడని కూడా తెలుసు.

కర్నూలులో రెండు మాత్రలూ మానిపించారు. వారంలో మా నాయన రావడం ఆగిపోయింది. బిగుతు మాత్రం త్వరగా వదల్లేదు. సంక్రాంతికి నడక కుదిరింది, శివరాత్రికి చేతి వణుకు దాదాపు పోయింది. అందరికీ ఇట్లా పోదని, కొందరిలో లోపల దాగి ఉన్న అసలు పార్కిన్సన్స్ ఇట్లా ముందుగా బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఇప్పటికీ ఆరు నెలలకోసారి పోతున్నాం.

ఇంటి గొడవ పేపరుకెక్కించడానికి కారణం నా కౌంటరు. ఈ మధ్య ఒక అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలికి కాన్పు తర్వాత మనసు బాగాలేదని డాక్టరు ఎస్సిటాలోప్రామ్ రాశారు. అత్తగారు షీటు తిప్పిచూసి "ఇవి పిచ్చి మాత్రలంట కదా అప్పా, పది రోజులు వేసింది, చాలు, ఆపేయమన్నా" అంది. అదే నోటితో "నా గ్యాస్ క్యాప్సూళ్ళు రెండు షీట్లు ఇయ్యి" అంది. ఆ గ్యాస్ క్యాప్సూల్‌లో పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంది. అది డోపమైన్ సీట్లను ఆపే మందు. మోతాదు పెంచి మానసిక వ్యాధులకు కూడా వాడే జాతి. వాంతులకు, తల తిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరాజిన్ ఉందే, అది 1952లో పారిస్‌లో పిచ్చికి వాడి చూసిన క్లోర్‌ప్రోమజైన్‌కు సొంత చెల్లెలు. మెటోక్లోప్రమైడ్ కూడా మెదడులోకి పోతుంది. వాంతి పుట్టే చోట డోపమైన్‌కు పాత్ర ఉంది కాబట్టే ఇవన్నీ పనిచేస్తాయి. అదే పనిచేసే డాంపెరిడోన్ మెదడు లోపలికి పెద్దగా చేరదు కాబట్టి వణుకు విషయంలో కాస్త నయం. అంటే ఇంట్లో ఎవరైనా "పిచ్చి మందు"కు దగ్గరి చుట్టాన్ని మింగుతున్నారంటే అది కోడలు కాదు, అత్తగారు. ఆమెతో ఈ మాట ఇంత నేరుగా అనలేదు లెండి, షాపు నడవాలి కదా.

కోడలి మందు గురించి మాత్రం నిలబెట్టి చెప్పాను. అది సెరటోనిన్‌ను వెంటనే వెనక్కి లాగేసుకోకుండా ఆపుతుంది, ఆ పని గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం రెండు వారాల నుంచి ఆరు వారాలు. అందుకే "సెరటోనిన్ తక్కువైంది, మాత్రతో నింపారు" అనే మీ వ్యాసంలోని లెక్క అంత సులువుగా కుదరదు. నింపితే సరిపోయేదయితే మర్నాటికే నవ్వాలి. సెరటోనిన్‌లో ఎక్కువ భాగం ఉండేది పేగుల్లో, కాబట్టి మొదటి వారం కడుపులో తిప్పుతుంది. జనం సరిగ్గా ఆ వారంలోనే ఆపేస్తారు. బాగున్నాక కూడా ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

అన్నిటికంటే నాకు భయం "చిన్న మాత్ర". పేరు కూడా అడగరు, "నిద్రకు ఆ చిన్నది" అంటారు. ఆల్ప్రజోలామ్. గాబా అని మెదడుకు బ్రేకు వేసే రసాయనం ఉంది, ఆ బ్రేకు మీద ఇది అదనంగా కాలు వేస్తుంది. నెలల తరబడి వేస్తే మెదడు తన బ్రేకును తాను సడలించుకుంటుంది. అప్పుడు టక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. కల్తీ కల్లులో కలిపేది ఇదే అని మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదవలేదు? రెండు రోజులు కల్లు దొరక్కపోతే మనుషులు వణికి, ఏవేవో మాట్లాడి ఆస్పత్రికి చేరేది అందుకే. ఇది హెచ్-1 షెడ్యూలు మందు. చీటీ ఉండాలి, రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు రాసి మూడేళ్ళు దాచాలి. నేను రాస్తాను. పక్క వీధిలో దొరుకుతుందిలే అని కసురుకుని పోయేవాళ్ళను రోజూ చూస్తాను.

కాబట్టి నేను అడిగేది ఏమిటంటే. ఔషధ నియంత్రణ శాఖ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు హెచ్-1 రిజిస్టరు ఒక్కటే చూసి పోకుండా, తల తిరుగుడుకు, వాంతులకు, గ్యాస్‌కు ఇచ్చే ఈ నాలుగైదు మందులు పాత చీటీల మీద ఎన్నాళ్ళుగా పోతున్నాయో కూడా అడగాలి. మొదట నన్నే అడగాలి. కంపెనీలు పెట్టె మీద "చేతులు వణికినా, నడక మారినా డాక్టరుకు చెప్పండి" అని తెలుగులో ఒక్క ముక్క వేస్తే ఏం పోతుంది? మీ ఆరోగ్య పేజీలో డోపమైన్ బొమ్మ వేసినప్పుడు పక్కన మందు అసలు పేరు కూడా వేయండి. జనం బ్రాండు పేరు చూస్తారు, కింద చిన్న అక్షరాల్లో ఉండేది చూడరు.

ఒక్క జాగ్రత్త. ఇది చదివి ఎవరూ రేపు పొద్దున మాత్రలు చెత్తబుట్టలో వేయొద్దు. ముఖ్యంగా నిద్ర మాత్రలు, మనసు మాత్రలు, ఫిట్స్ మాత్రలు. సంచి బోర్లించాల్సింది డాక్టరు బల్ల మీద.

నా కౌంటరు మీద ఇప్పుడు ఒక ఎర్ర స్కెచ్ పెన్ను ఉంటుంది. ఎన్ని రోజులకు రాశారో ఆ ఆఖరి తేదీ కవరు మీద తెలుగులో రాసి ఇస్తున్నాను. మొన్న ఒకాయన దాన్ని చూసి "ఇది మాత్ర ఎక్స్‌పైరీనా, నాదా?" అన్నాడు.

దయచేసి నా పేరు, షాపు పేరు వేయకండి. అమ్మ పేపరు ఆఖరి పేజీ దాకా చదువుతుంది. మా నాయన కాఫీ సంగతి ఊరందరికీ చెప్పానని తెలిస్తే ఆ పూట నాకు రొట్టె ఉండదు.

ఇట్లు,
మెడికల్ షాపు యజమాని,
ఆదోని, కర్నూలు జిల్లా